ర్యామ్ మీద మడత కాగితం

సెబూ నగరంలో, సంత వెనక సందులో లాప్‌టాప్‌లు బాగుచేసే బల్ల. బల్ల వెనక జోవెలిన్. ముందు, స్టూలు మీద ముసలాయన తెర్యో. ఆ ఊళ్ళో పెద్దాయనని ‘నోంగ్’ అంటారు, చిన్నదాన్ని ‘దై’ అంటారు. వాన.

“అడుగు మూత విప్పొద్దని చెప్పి వెళ్ళానా, లేదా?”

“విప్పకుండా ఎలా బాగుచెయ్యను నోంగ్ తెర్యో? మంత్రం వెయ్యాలా?”

“దుమ్ము దులపమన్నాను. అంతే. నేను పూసో అన్నం కొనుక్కొచ్చేలోపు పీకి పందిరేశావు.”

“దీనిది దుమ్ము జబ్బు కాదు. మీట నొక్కితే మూడుసార్లు కీకీమని ఆగిపోతోందంటే ర్యామ్ అందట్లేదని. ఇదిగో ర్యామ్. ఇది కూర్చునే గాడి పేరు సాకెట్. రెండున్నాయి. ఈ మొదటిదాని టంకం విరిగింది. చూడండి, వేలు పెడితే కదులుతోంది.”

“నాకు కనబడదు. బిగించెయ్.”

“ఒంటి చేత్తో ఓ మూల పట్టుకుని ఎత్తుతారు కదూ, పళ్ళెంలాగా?”

“ఇంకెలా ఎత్తాలి? చంటిపిల్లలాగానా?”

“చంటిపిల్లలాగే. రెండు చేతులతో. మూల పట్టి ఎత్తితే లోపలి బోర్డు వంగుతుంది. పాతబడ్డ టంకం పెళుసు. రోజూ వంగితే…”

“సరే సరే. రెండు చేతులతో ఎత్తుతాను. బిగించు.”

“పరుపు మీద పెట్టి వాడతారా?”

“దిండు మీద. పొద్దున్నే మా ఆవిడ పెర్పింగ్ పాడిన పాటలు వింటాను. చర్చిలో పాడేవి. చాలా, ఇంకా ఏమన్నా చెప్పుకోవాలా?”

“దిండు మీద వద్దు నోంగ్. గాలాడక లోపలంతా ఉడుకుతుంది. అలా కాగి, చల్లారి, కాగి, చల్లారి టంకం చీలుతుంది. గట్టి బల్ల మీద పెట్టండి. నోటితో ఊదకండి, తుంపర పడితే పిన్నులకి చిలుము. మాటిమాటికీ ర్యామ్ పీకి రబ్బరుతో రుద్దకండి. పోనీ, పాటలన్నీ ఫోన్లో వేసిస్తాను…”

“వద్దు. దీని ముందు కూర్చునే పాడింది. దీంట్లోనే వింటాను.”

“మీ ఇష్టం. రెండో సాకెట్ బాగానే ఉంది. ర్యామ్ అందులో పెడితే నడుస్తుంది. దాన్నైనా కాపాడుకోండి. అసలు మొదటిదాన్ని చంపింది ఎత్తడమూ కాదు, దిండూ కాదు. ఇది.”

“ఏది?”

“ఈ కాగితం. మడతమీద మడత పెట్టి, ర్యామ్ మీద దూర్చి మూత బిగించారు.”

“ఎవడో మెకానిక్ పెట్టుంటాడు. అవతల పారెయ్. కాదు, ఇటివ్వు. నేను పారేస్తాను.”

“మెకానిక్ అయితే రబ్బరు ముక్క పెడతాడు. స్క్రూలు కూడా వంటింటి కత్తితో తిప్పినట్టున్నాయి, తలలన్నీ చెక్కుకుపోయాయి. మీ పనేగా?”

“అందరూ చేసేదే. ర్యామ్ వదులైతే కాగితం పెట్టి అదుముతారు. మా వీధిలో ఎవణ్ణడిగినా చెబుతాడు.”

“నడుస్తుంది, నేను కాదన్నానా? కొన్నాళ్ళు నడుస్తుంది. ఆ అదుముడుకే అడుగున టంకం విరుగుతుంది. ఇంకెప్పుడూ పెట్టకండి. ఉండండి… దీని మీద సీలుంది.”

“చదవకు.”

“రోగి పేరు పెర్పెతువా… అంటే మీ పెర్పింగేగా! నోంగ్, ఇది…”

“చదవొద్దన్నానా దై!”

“గ్యారంటీ లెటర్. ఆవిడ ఆపరేషన్‌ది.”

“వాన తగ్గింది. నేను పోవాలి.”

“ఎక్కడ తగ్గింది? కూర్చోండి. ఇది చూపిస్తే ఖర్చు సర్కారుది, ఆస్పత్రిలో పైసా అడక్కుండా ఆపరేషన్ చేస్తారు. అసలుదే చూపించాలి, నకలు పనికిరాదు. ఇది పోయిందనేగా ఆవిణ్ణి వెనక్కి పంపింది?”

“రెండో లెటర్ రావడానికి అయిదు వారాలు పట్టింది. పెర్పింగ్ నాలుగే ఆగింది.”

“మర్లిండా పారేసిందన్నారు మీరు.”

“నీకెవరు చెప్పారు?”

“మీ కూతురూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అయినా ఎవరు చెప్పాలి? శవం ఇంట్లో ఉండగా, వచ్చినవాళ్ళందరి ముందూ, ‘నీ తల్లిని నువ్వే చంపావు’ అన్నారట.”

“లెటర్ దాని చేతికిచ్చారు. జాగ్రత్త చెయ్యాల్సింది అది.”

“బల్ల మీద పెట్టానని మొత్తుకుంది.”

“మొత్తుకుంది.”

“ఏడో నెల కడుపుతో రోజంతా వరసలో నిలబడి తెచ్చింది నోంగ్.”

“నాకు కథలు చెప్పకు.”

“కథలా? ఇప్పటికీ వెతుకుతోంది. ఇక్కడికొస్తే మాట్లాడుతూ మాట్లాడుతూ నా బిల్లు పుస్తకం తిరగేసి దులుపుతుంది. మొన్న పాత సంచి కుట్లు కూడా విప్పి చూసిందట. దాని పిల్లకి రెండేళ్ళు నిండబోతున్నాయి. తాత మొహం ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలీదు.”

“ఆ రోజు కోడిపందేలున్నాయి.”

“ఏమిటి?”

“పెద్ద పందేలు, నెట్‌లో చూపిస్తారు. ఫోన్లో నా కంటికి ఆనవు. ఈ మిషను చూస్తే మొరాయించింది. కళ్ళద్దాలు దొరకలేదు. బల్ల మీద దళసరి కాగితం తగిలింది. పెర్పింగ్ పక్క గదిలో మూలుగుతోంది. మడిచాను, దూర్చాను, బిగించాను. నడిచింది. నా కోడి ఓడిపోయింది.”

“అయ్యో నోంగ్.”

“జాలి పడకు. నాకు నచ్చదు.”

“జాలి కాదు. కళ్ళద్దాలు లేవు, అదేం కాగితమో మీకు తెలీదు. పొరపాటు. చెప్పేస్తే పోతుంది. నంబరు నా దగ్గరుంది, చేస్తున్నాను.”

“ఆగు.”

“ఏం ఆగడం? ‘నువ్వు పారెయ్యలేదమ్మా, నేనే మడిచి పెట్టాను, ఇవాళే దొరికింది’ అనండి. అంతే. ఏడుస్తుంది, నాలుగు తిడుతుంది, రేపు పిల్లని చంకనేసుకుని మీ గుమ్మంలో ఉంటుంది. దాని సంగతి నాకు తెలుసు.”

“ఇవాళ దొరికిందని అనలేను.”

“ఎందుకు అనలేరు? రింగవుతోంది, పట్టుకోండి.”

“కట్టెయ్ దై. కట్టెయ్. ఆ కాగితం నేను రెండుసార్లు మడిచాను. మొదటిసారి చూడకుండా. పెర్పింగ్ పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనకి దాని పాట పెట్టమన్నారు, మిషను మళ్ళీ ఆగిపోయింది, మూత విప్పాను. కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాను. మర్లిండా వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. రెండోసారి, చదివి మడిచాను.”