బొంత మీద తట్టిన చెయ్యి

హలో… ఆ, నేనే పద్మా, మీ వదినను. ఇంట్లో నేనూ వరమ్మే ఉండేది. డాక్టరు ఏమన్నాడు?…

విరగలేదా. అబ్బ, బతికించినావు… మోచేతికాడ కీలు తొలిగిందా… కట్టు శానా దినాలుంచల్లంటనా.

నొప్పెట్లుండాది?… అబద్ధం చెప్పొద్దులే. నీ గొంతులోనే తెలుస్తాండాది.

అత్తమ్మ యాడుండాది?… మందులకు పోయిందా. అయితే ఇను—

నీ తప్పేం లేదు వదినా అనకు. నాదే తప్పు. ఆ జియు-జిట్సు కుస్తీ సీడీలో ఆ బ్రెజిలాయన, ఎదుటోని చెయ్యి కాళ్ల సందున ఇరికించుకుని వెనక్కి వాలతాడు గదా, నేనూ అట్లే వాలినా. నా కాలు సరిగ్గా పడిందా లేదా అని టీవీ దిక్కే చూస్తాంటి. నీ దిక్కు చూడనే ల్యా.

ఏమీ?… తట్టినావా?

తడితే నాకెట్ల వినపడల్యా…

ఆ. బొంత మీద తట్టినావు.

కింద అత్తమ్మ పండుకోనుండాది, చప్పుడు పోగూడదని ఆ బొంత పరిచిందీ నేనే. సీడీ సౌండు తీసేసిందీ నేనే. ఏమైనా అరవొద్దని నీకు చెప్పిందీ నేనే. సీడీలో వాళ్లు నేల మీద తడితే ఎదుటోడు వదిలేస్తాడు. నువ్వు తట్టింది నాకు వినపడకుండా చేసుకుంటి.

ఎందుకు నేర్చుకుంటిమో నాకెరుకే. షేర్ ఆటోలో వాడు మీద చెయ్యేసినాడని వచ్చి ఏడ్చినావు. మళ్లా ఎవడన్నా ముట్టుకుంటే వాని చెయ్యి మెలేసేది నేర్పిస్తా అంటి. పెద్ద పయిల్వాను మాదిరి.

నవ్వొద్దు, చెయ్యి కదుల్తాది.

పద్మా, ఇంకోటి. బాత్రూములో జారినావని చెప్తిమి గదా. అత్తమ్మ ఆటో ఎక్కతా ఎక్కతా వరమ్మను రేపట్నుంచి పనికి రావద్దనింది… నీకు తెల్దా? సబ్బునీళ్లు వదిలేసిందంట.

యాడికి పోతాది, ఈడనే ఉండాది. అప్పట్నుంచి బాత్రూములో బేతంచెర్ల బండలు తోముతానే ఉండాది. వద్దంటే ఇనదు. పొడిగుడ్డ పెట్టి తుడిచినానమ్మా, ఎట్ల జారిందో, నా చేతులారా పాప చెయ్యి పోగొడితినే అంటాది. నువ్వు భయపడినావు తాగమ్మా అని నాకే టీ పెట్టిచ్చింది. ఆ టీ అట్లే పెట్టినా.

మళ్లా అత్తమ్మే పిలుస్తాదా?… పిలిస్తే మటుకు? తప్పు చేసినదాని మాదిరే గదా వస్తాది.

లేదు పద్మా, చెప్పేస్తా… తెలుసు, ఆటోలో జరిగింది తెలిస్తే కాలేజీ మాన్పిస్తారని నీ భయం. ఆటో సంగతి నా నోట రాదు. అది నీది, ఎప్పుడు చెప్పల్లనుకుంటే అప్పుడు చెప్పు. చెయ్యి సంగతి నాది.

మా అమ్మింటికి పంపిస్తే పోతా… ఏడుస్తాండ్లా. జలుబు.

వచ్చిందా అత్తమ్మ?… ఫోనియ్యి… ఇయ్యి పద్మా.

అత్తమ్మా… ఆ, పద్మ చెప్పింది, విరగలేదంట… లే, వరమ్మ ఇంకా పోలేదు. నేనే ఉండమన్నా… కోప్పడొద్దు, ఒక్క మాట. పద్మ బాత్రూములో జారల్యా… ఆ, అబద్ధమే చెప్పినాము. మేడ మీద గదిలో, చెయ్యి మెలేస్తే తొలిగింది… ఎవరంటే—

నేనే, అత్తమ్మా.

…హలో?… అత్తమ్మా?…

పెట్టేసింది.

వరమ్మా, ఆ బండలు చాలుగానీ, చేతులు కడుక్కుని ఇట్ల రా. నీకూ చెప్పల్ల.