వీధిలో మిగిలిన చివరి వాటా

కరెంటాఫీసులో సోలార్ అనుమతులిచ్చే గది. బల్లకు అవతల ఇంజినీరు, ఇవతల ఆయన అక్క.

"...అందుకని మేడమ్, మీ దరఖాస్తు ఇప్పట్లో కుదరదు."

"మేడమ్ ఎవర్రా?"

"ఆఫీసులో అలాగే అనాలి."

"నీకు ముక్కు చీదడం నేర్పింది నేనురా చంటీ."

"మెల్లగా. బయట జనం ఉన్నారు. ఇక్కడ నన్ను చంటీ అనకండి."

"అనకండా? సరే సారూ. తమరు చెప్పినట్టే చేశాం కదా, మళ్ళీ ఎందుకు కుదరదో కాస్త సెలవివ్వండి."

"నేనేం చెప్పాను?"

"అప్పుడే మర్చిపోయావా? లాండ్రీ పెడుతున్నాం, మేడ మీద పది కిలోవాట్ల ప్యానెళ్ళు కావాలని వస్తే, మీ ఇంటి వాడకానికి మూడు చాలు, అంతకుమించి గ్రిడ్‌కి కలపనివ్వం అన్నావు. మిషన్లు తిరిగితే వాడకం పెరుగుతుందిరా అంటే, పెరిగాక రా అన్నావు."

"రూలదే. ఎంత వాడితే అంత."

"మిషన్లు మీ కరెంటు మీద తిప్పితే వచ్చిందంతా బిల్లుకే పోతుంది, అందుకేరా ప్యానెళ్ళు అంటే, రూలు రూలే అన్నావు."

"ఇప్పుడూ అదే అంటున్నాను."

"విన్నాం కదరా. ఎండాకాలమంతా ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికాం. మీ బావ ఇస్త్రీ చేసిన చొక్కాని తడిపి మళ్ళీ ఇస్త్రీ చేసేవాడు. ఖాళీ గదుల్లో ఫ్యాన్లు, పట్టపగలు లైట్లు. పక్కింటావిడ వచ్చి, మీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా అని మెల్లగా అడిగి వెళ్ళింది."

"అలా చేయమని నేను చెప్పానా?"

"వాడకం చూపించమన్నావు. ఎలా చూపిస్తారు, బొమ్మ గీసా?"

"సరే, వాడకం పెరిగింది. కాదనలేదు. ఫైల్లో రాశాను కూడా."

"మరింకేం?"

"ఇప్పుడు సమస్య వాడకం కాదు. ట్రాన్స్‌ఫార్మర్."

"దానికేమొచ్చింది?"

"మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఇంత సోలార్ కరెంటే మోయగలదని ఒక లెక్క ఉంటుంది. అది నిండిపోయింది. ఇంకెవరికీ ఇవ్వలేం."

"ఎప్పుడు నిండింది? మేం తడి చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటేనా?"

"ముందు వచ్చినవాళ్ళకి ముందు."

"వీధిలో అందరికంటే ముందు వచ్చింది నేను."

"మీ దరఖాస్తు వెనక్కి వెళ్ళింది కదా. మళ్ళీ పెట్టిన రోజు నుంచే వరస."

"వెనక్కి పంపింది ఎవరు?"

"ఆఫీసు."

"ఆఫీసుకి చేతులున్నాయా?"

"అక్కా, అర్థం చేసుకో. నీ దరఖాస్తు మీద నేను సంతకం పెడితే రేపు ఇదే ఆఫీసులో ఏమంటారు? సొంత అక్కకి ఇచ్చుకున్నాడంటారు. ఇన్నేళ్ళలో నా మీద ఒక్క మచ్చ లేదు."

"హమ్మయ్య, మేడమ్ పోయి అక్క వచ్చింది. అంటే నేను నీ అక్కని కాకపోయుంటే పనైపోయేదన్నమాట."

"నేనలా అనలేదు."

"మన వీధిలో ప్యానెళ్ళు లేని మేడ ఏదన్నా ఉందా? పళ్ళ డాక్టరుకిచ్చావు. లారీలాయనకిచ్చావు. ఆ ట్యూషన్ మాస్టారింట్లో ఉండేదే ఇద్దరు, ఆయనకీ ఇచ్చావు. వాళ్ళెవరూ నీ తోబుట్టువులు కారు, అదీ వాళ్ళ అదృష్టం."

"నాకు అక్కైనా ఒకటే, పరాయివాళ్ళైనా ఒకటే."

"ఒకటే అయితే పరాయిదాన్ని చూసినట్టే చూడరా. ఎప్పుడో అయిపోయేది."

"టీ తాగుతావా?"

"నీ టీ వద్దు, ఏమీ వద్దు. మీ బావ పని చేసే మిల్లు మూసేశాక మాకున్న దారి ఈ లాండ్రీ ఒక్కటేరా. ఆసుపత్రి వాళ్ళు దుప్పట్లన్నీ మాకే ఇస్తామన్నారు. వచ్చే సోమవారానికి మొదలుపెట్టకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. కాళ్ళరిగేలా తిరిగాను నీ చుట్టూ. నవ్వుతూ మాట్లాడుతున్నానని నాకు బాధ లేదనుకోకు. ఒళ్ళు మండిపోతోంది."

"నాకూ బాధగానే ఉంది."

"కనిపిస్తూనే ఉంది, పాపం. ఏసీలో కూర్చుని కూడా చెమటలు పడుతున్నాయి."

"కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలని పైకి రాశాం. రాగానే మొదటి పేరు నీదే."

"ఎప్పుడొస్తుంది?"

"వస్తుంది."

"ఎప్పుడు?"

"రాశాం కదా."

"సరేలే. ఆ చివరి వాటా ఎవరు పట్టుకుపోయారో అదన్నా చెప్పు."

"ఎవరో అర్హులు."

"ఎవరా అర్హులు?"

"పేర్లు బయటికి చెప్పకూడదు."

"మన వీధిలోనే కదా. మేడెక్కితే నాకు కనపడదా?"

"ఇంకా బిగించలేదులే."

"వాళ్ళకి అంత వాడకం ఉందా? వాళ్ళూ తడి చొక్కాలు ఇస్త్రీ చేశారా?"

"గదికో ఏసీ ఉంది. మొదటి నుంచీ పెద్ద వాడకమే."

"నీకు బాగా తెలిసిన ఇల్లులా ఉందే."

"ఫైల్లో ఉంటుంది కదా."

"ఎన్ని నెలలు తిప్పావు వాళ్ళని?"

"వాళ్ళ కాగితాలు సక్రమంగా ఉన్నాయి. ఒక్కరోజులో అయిపోయింది."

"ఒక్కరోజులో. మా మేడని ముగ్గురు మనుషులు టేపులతో కొలిచారు. వాళ్ళ ఇల్లు కొలవడానికి ఎవరన్నా వెళ్ళారా?"

"అక్కర్లేదు. నేను రోజూ చూసేదే."

"రోజూనా?"

"అంటే, రోజూ ఆ దారినే కదా వెళ్తాను."

"నీళ్ళు నములుతున్నావేంరా?"

"ఏం లేదు."

"ఇంతకీ అంత పెద్ద ప్యానెళ్ళు పెట్టుకుని ఏం చేస్తారట?"

"అడగలేదు."

"నన్నయితే మిషన్ ఎటు తిరుగుతుందో కూడా అడిగావు."

"ఇంటి అవసరాలకని ఉంది. సంతకం పెట్టాను."

"చదవకుండానే?"

"చదివాను. చదివాననే అనుకో."

"పోనీ, ఇంకా బిగించలేదంటున్నావుగా. అది రద్దు చేసి నాకివ్వు."

"కుదరదు."

"నువ్వు తలచుకుంటే?"

"నేను కాదు, మా పైవాళ్ళంతా కలిసి తలచుకున్నా కుదరదు. ఒకసారి గ్రిడ్ అనుమతి ఇచ్చామంటే అది ఆ ఇంటిదే. ఇంటి యజమాని తనంతట తాను వదులుకుంటే తప్ప ఎవరూ ముట్టుకోలేరు."

"రేపు వాళ్ళు ఆ కరెంటుతో ఏ వ్యాపారమో పెట్టుకుంటే?"

"పెట్టుకోనీ. మీటరు రకం మార్పించుకోవాలి, అంతే. అనుమతి పోదు."

"ఆ ఇంట్లో మగాయన గొడవ చేస్తే?"

"ఇల్లు ఎవరి పేరు మీదుంటే వాళ్ళిష్టం. ఆయనతో ఏం పని?"

"గట్టిగానే చెప్తున్నావా?"

"రూల్స్ నాకు తెలిసినంతగా ఈ ఆఫీసులో ఎవరికీ తెలీదు."

"అది నేనూ ఒప్పుకుంటాను. ఒక్కటి అడుగుతా, కోప్పడకు. నీ ఇల్లు నీ పేరు మీద ఎందుకు కొనలేదు?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పరా."

"ఆఫీసరు ఇల్లు కొన్నాడంటే నలుగురూ నాలుగు మాటలు అంటారు. అందుకని నీ మరదలి పేరు మీద రాయించాను. తప్పా?"

"తప్పని ఎవరన్నారు? చాలా మంచి పని చేశావు. ఆ చివరి వాటా ఇచ్చింది కూడా మరదలికేగా?"

"అక్కా, అదీ..."

"అక్కకిస్తే మచ్చ. పెళ్ళానికిస్తే బొట్టా?"

"తనే అడిగింది. మన ఏసీలకి కావాలంది. ఇంట్లో రోజూ పోరు పడలేక... ఇంతకీ నీకెవరు చెప్పారు?"

"నాకొకళ్ళు చెప్పాలా? మీ వంటింట్లో కూర్చుని ఆ దరఖాస్తు రాసిందే మేమిద్దరం. నా పేరుంటే అక్షరం అక్షరం వెతుకుతావు, తన పేరుంటే తలెత్తకుండా సంతకం పెడతావని మరదలే చెప్పింది. ఎవరూ ముట్టుకోలేరన్న మాట నీ నోట వినిపోదామనే వచ్చాను, వెళ్ళొస్తా. నువ్వు సాయంత్రం వెనక గుమ్మం నుంచి రా చంటీ, మీ ఇంటి ముందు గదిలో మీ బావ లాండ్రీ మిషన్లు దింపిస్తున్నాడు."