తాబేలు కారుకు నీళ్ల ఇంజను

కోతలు కోయడానికి కొడవలి అక్కర్లేదు. ఎదురుగా నలుగురు మనుషులు, చేతిలో ఒక టీ గ్లాసు ఉంటే చాలు. ఆ పొద్దు ఆలూరులో ఉరుకుందమ్మ టీ అంగడి ముందు మైదుకూరు ఓబుళేశుకు ఆ రెండూ దొరికాయి. ఆయనకు మైదుకూరులో మోటారు షెడ్డు ఉంది, ఆలూరు అత్తగారి ఊరు. అత్తగారి ఊళ్లో అల్లుడు రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే ఎవరూ తప్పు పట్టరు. ఓబుళేశు రెండుతో ఆగే మనిషి కాదు, అదొక్కటే చిక్కు.

వింటున్నవాళ్లలో అయ్యన్నకు మాత్రం అది పొద్దుపోని కబురు కాదు. టీ అయ్యేలోపల ఆయన ఒక మాట చెప్పాలి. తన కారును ఓబుళేశు చేతికిచ్చి, నీళ్ల ఇంజను పెట్టడానికి కోయించాలా, వద్దా?

ఆ కారు అయ్యన్న నాయన ఎప్పుడో ఒక డాక్టరు దగ్గర కొన్నది. వీపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఊరంతా దాన్ని తాబేలు కారు అంటారు. తక్కిన కార్లకు ఇంజను ముందుంటే దానికి వెనక, డిక్కీ ముందు. పెండ్లినాడు వెంకటేశ్వరమ్మను అయ్యన్న ఇంటికి తెచ్చుకున్నది దాంట్లోనే. ఇప్పుడామె మనవరాలికి పుట్టెంట్రుకలు తీయించడానికి ఉరుకుంద ఈరన్న సామి గుడికి ఆ కారులోనే పోవాలని పట్టుబట్టింది. వచ్చే సోమవారమే ప్రయాణం. అలవాటు పడుతుందని పోయిన వారం అయ్యన్న బయటికి తీస్తే, ఆదోని చేరకముందే ఇంజను కాగిపోయి నిలబడింది. వెంకటేశ్వరమ్మ ఆటోలో ఇల్లు చేరి, ఆ రాత్రంతా మొగునితో మాట్లాడలేదు.

ఇంజన్లు రెండు రకాలని తెలిస్తే తక్కిన కథ తేలిక. కొత్త కార్ల ఇంజను చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి. అవి ఇంజను వేడిని మోసుకుని రేడియేటరులోకి వచ్చి, అక్కడ చల్లబడి, మళ్లీ వేడిని మోయడానికి వెనక్కి పోతాయి. తాబేలు కారుకు ఆ నీళ్లూ లేవు, రేడియేటరూ లేదు. వేడి వేడి అన్నాన్ని విసనకర్రతో విసిరి ఆరబెట్టినట్టు, లోపల ఒక ఫ్యాను గాలి విసిరి ఇంజనును చల్లారుస్తుంది. అది నీళ్లు పోయనక్కర్లేని కారని అయ్యన్నకు తెలుసు. ఎందుకు అక్కర్లేదో ఆయన నాయననూ అడగలేదు, ఇంకెవరినీ అడగలేదు.

"ఇట్లాంటి తాబేలునే మా పక్క పెద్దరైతు ఒకాయన నా షెడ్డుకు తోలుకొచ్చినాడప్పా" అని మొదలుపెట్టాడు ఓబుళేశు. "పాత ఇంజను దించినా, కొత్త కారుది నీళ్ల ఇంజను ఎక్కించినా. పని అంతే. చేత్తోనే ఎత్తి పెట్టినా అనుకో."

"చేత్తోనా?" అన్నాడు లారీ నడిపే నరసింహ.

"ఒక చేత్తో. రెండో చేతిలో టీ ఉండె."

నరసింహ తన టీ గ్లాసును ఒకసారి ఎత్తి చూసుకుని, మళ్లీ కింద పెట్టాడు.

కొత్త ఇంజను పాతదానికంటే పొడుగు కాబట్టి వెనక సీటు పీకేయాల్సి వచ్చిందని చెప్పాడు ఓబుళేశు. అయ్యన్నకు మాటలతో చెబితే బుర్రకెక్కదు, కంటికి కనిపించాలి. అందుకని తనే ఖాళీ గ్లాసొకటి తీసుకుని బెంచీ చివర పెట్టాడు. అది ఇంజను. దాని ముందు బీడీల కట్ట పెట్టి, అది వెనక సీటు కదా అనుకుని, మళ్లీ తీసేశాడు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

రేడియేటరు పెట్టడానికి కారులో చోటు దొరకలేదంట. పైన చూశాడంట, కింద దూరి చూశాడంట, చివరికి ఇది మన చేతిలో పని కాదని, బోరుకు నీళ్లు చూసే మనిషిని పిలిపించాడంట. బోరు వేసేముందు అట్లాంటి మనిషిని పిలవడం ఈ సీమలో అందరూ చేసే పనే. ఆయన అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లుంటే టెంకాయ లేచి నిటారుగా నిలబడుతుందని నమ్మకం. ఆ మనిషి కారు చుట్టూ ప్రదక్షిణం చేసి ముందు డిక్కీ దగ్గరికి రాగానే టెంకాయ లేచి నిలబడిందంట. నిలబడి గిర్రున తిరిగిందంట. తిరిగి తిరిగి తనంతట తనే పగిలిందంట. సరిగ్గా ఆ నీళ్లు పడిన చోటే డిక్కీని కోసి రేడియేటరు బిగించాడంట.

నరసింహ గట్టిగా నవ్వాడు. అయ్యన్న నవ్వబోయి ఆగాడు. తన చేన్లో రెండు బోర్లకూ చోటు చూసింది టెంకాయే. ఒకదాంట్లో నీళ్లు పడ్డాయి, ఇంకోదాంట్లో దుమ్ము లేచింది. మరి ఇప్పుడు నవ్వాలా, నమ్మాలా? ఏదీ తేలక బెంచీ ముందువైపు అగ్గిపెట్టె పెట్టాడు. అది రేడియేటరు.

అయితే మూటాముల్లె యాడ పెట్టుకోవాలని అడిగాడు. ఇంటికాడ పెట్టుకోవాలని చెప్పాడు ఓబుళేశు.

"మన ఎండకు ఆ రేడియేటరు నీళ్లు ఏ మూలకప్పా? అందుకే ఎడమపక్క సీటు తీసేసి, మిద్దెల మీద పెడతారే, ఆ నల్లతొట్టి ఎక్కించినా. తొట్టిలోంచి నీళ్లు తోలాల గదా, కుడిపక్క బోరు మోటరు కూర్చోబెట్టినా. తాళం తిప్పితే చాలు, కారు లేచినట్టు కాదు, కాలువ లేచినట్టు ఉండె."

అక్కడినుంచి ఓబుళేశు మాటకు పగ్గాలు లేవు. మైదుకూరులో బయల్దేరినప్పుడు ఎండ నిప్పులు చెరుగుతోందంట. ఆళ్లగడ్డ చేరేసరికి ఇంజను ఎంత చల్లబడిందంటే దాని మీద మంచు పట్టిందంట. నంద్యాల దగ్గర కారు చలికి వణుకుతుంటే గొర్రెలు కాసేవాళ్లను అడిగి కంబళి కప్పాడంట. తొట్టిలో చేపలు పుట్టాయంట. పాణ్యంలో బండి ఆపి, అవి పట్టి పులుసు కాచుకున్నాడంట. ఇంజను మీదినుంచి లేచిన చల్లటి ఆవిరి మబ్బయి కారు వెంట పడిందంట. కారు ఎంత తోలితే మబ్బు అంత ఉరికిందంట. కోడుమూరులో ఉల్లిగడ్డ రైతులు రోడ్డుకు అడ్డం పడి, మా చేన్ల మీదుగా ఒకసారి తోలిపో సామీ అని మొక్కుకున్నారంట. సరేనని పోతే అయిదూళ్లకు వాన, హంద్రీ ఏటికి నీళ్లు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? వంక దాటేదానికి కారుకు బ్రేకు వేయాల్సిన పనే లేకపోయె. ఈదుకుంటా పోయె."

అయ్యన్న బెంచీ వైపు చూశాడు. ఇంజను గ్లాసు, రేడియేటరు అగ్గిపెట్టె, తొట్టి అని పెట్టిన ఉరుకుందమ్మ చక్కెర డబ్బా, మోటరు అని పెట్టిన తన కండ్లజోడు. జోడు తీసేశాక అవన్నీ మసకగా కనిపిస్తున్నాయి. మసకలో కూడా ఒకటి మాత్రం అర్థమైంది, బెంచీ నిండిపోయింది. వెంకటేశ్వరమ్మను, మనవరాలిని ఆ డబ్బా మీద కూర్చోబెట్టి ఉరుకుందకు తీసుకుపోవడం ఎట్లాగో ఆయనకు ఎంత ఆలోచించినా అందలేదు.

ఓబుళేశు చెయ్యి చాపాడు. "తాళం ఇయ్యన్నా. తెల్లారేసరికి తోలుకుపోతా, ఆదివారానికి తెచ్చి నిలబెడతా. ఒక మాట ముందే చెప్తాండా, కోసినాక మళ్లీ అతకదు."

అయ్యన్న చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. తాళం వేళ్లకు తగిలింది కానీ పైకి రాలేదు.

"అంతా బాగుండాది గానీ ఓబుళేశప్పా" అన్నాడు మెల్లగా, తప్పు తనదేనేమో అన్నట్టు. "వెనక ఇంజను, ముందర రేడియేటరు, ఈపక్క తొట్టి, ఆపక్క మోటరు. నాకు తెలీకే అడుగుతాండా. నువ్వు యాడ కూర్చుని తోలినావు?"

అందరూ ఓబుళేశు వైపు తిరిగారు. కోతల్లో ఆరితేరినవాడు కాబట్టి ఆయన రెప్ప కూడా కొట్టలేదు.

"నేను కార్లో కూర్చోలేదన్నా. పక్కన మోటరు సైకిలు మీద పోతా, కిటికీలోంచి చెయ్యిపెట్టి తిప్పినా."

"మైదుకూరునుంచీనా?" అన్నాడు నరసింహ.

"మైదుకూరునుంచీ. ఒంటి చేత్తో."

అంతవరకూ స్టవ్ దగ్గర పాలు పొంగకుండా చూసుకుంటూ ఒక్క మాట కూడా మాట్లాడని ఉరుకుందమ్మ ఇటు తిరిగింది. ఆమె ఆలూరు మొత్తానికీ అవ్వే.

"ఆ మోటరు సైకిలుకు నీళ్లు యాడ పోసుకుంటివి నాయనా?"

ఓబుళేశుకు ఆ ప్రశ్న చిన్నతనంగా తోచింది. సొంత బండిని ఎవరైనా తక్కువ చేస్తే ఆయన ఊరుకోడు.

"దానికి నీళ్లెందుకవ్వా? గాలి తగిలితే సాలు. నలభై అయిదు డిగ్రీల ఎండలో మైదుకూరునుంచి కర్నూలుకు నిలబడకుండా పోయినా, చెయ్యిపెట్టి చూస్తే ఇంజను గోరువెచ్చగా ఉండె. గాలి ఇంజనంటే ఏమనుకున్నావు? దాన్ని మించింది లేదు."

"అట్లనా" అంది ఉరుకుందమ్మ. "మరి అయ్యన్న కారుదీ గాలి ఇంజనే గదా. దాన్నేటికి కోస్తాండావు?"

ఓబుళేశు తన ఖాళీ గ్లాసునే ఎత్తి ఒక గుటక వేశాడు. నరసింహ నవ్వకుండా ఉండడానికి టీ నోట్లో పోసుకున్నాడు.

ఉరుకుందమ్మ అయ్యన్నను అడిగింది, ఆ కారుకు గాలి ఎటునుంచి పోతుందని. వెనక అద్దం కింద సందులు సందులుగా ఉంటుంది, అటునుంచేనని చెప్పాడు. ఆయన ముఖంలో ఏదో మెల్లమెల్లగా తెల్లారుతోంది.

"ఏమైందప్పా?" అన్నాడు నరసింహ.

"ఆ సందుల మీద" అన్నాడు అయ్యన్న, "నేను తడిపిన గోనెసంచి కట్టినా. సల్లగా ఉంటాదని."

అక్కడున్నవాళ్లలో ఆ పని చేయనివాళ్లు లేరు. ఎండాకాలం వస్తే నీళ్ల కడవకు తడి గోనె, పాల క్యానుకు తడి గోనె, చేనికి పోయేటప్పుడు నీళ్ల సీసాకు కూడా తడి గోనె. కడవ చల్లబడుతుంది. కానీ కడవ ఊపిరి పీల్చదు. ఊపిరితో బతికే ఇంజనుకు అయ్యన్న శ్రద్ధగా, పొద్దునొకసారి మధ్యాహ్నమొకసారి నీళ్లు చల్లి మరీ ముక్కు మూశాడు.

అయ్యన్న కండ్లజోడు పెట్టుకుని, బెంచీ మీదినుంచి లేచి, ఆ సంచి విప్పడానికి ఇంటివైపు గబగబా నడిచాడు.

ఓబుళేశు ఆయన పోయిన దిక్కుకు చూసి, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేటట్టు అన్నాడు. "ఆ గోనెసంచి సంగతి నాకు మొదటే తెలుసు. అది ఆయన నోటితోనే రావాలని ఇంతసేపూ కథ నడిపినా."

ఉరుకుందమ్మ ఆయన గ్లాసు తీసుకుని నీళ్లలో ముంచింది.

"మొదటి టీకే చెప్పింటే" అంది, "కోడుమూరులో వాన తప్పిండేది గదప్పా."