భావనారాయణ ఒక్క చూపు

పెడనలో అచ్చు అద్దకం చేసే భావనారాయణ నోరు తెరిస్తే కోతలే. ఆ సాయంత్రం రషీద్ టీ కొట్టు ముందు బల్ల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. పక్కనే శ్రీనాథ్. పదకొండేళ్లుగా ఒకే అచ్చుబల్లకి ఆ వైపు ఆయన, ఈ వైపు ఇతను. పని నేర్పిందీ ఆయనే. తనకి అమ్మాయిల మీదా అబ్బాయిల మీదా కూడా మనసు పోతుందన్న సంగతి ఈ బాబాయికి తన నోటితోనే చెప్పాలని శ్రీనాథ్ వారం రోజులుగా గింజుకుంటున్నాడు. చెప్పాక బల్ల దగ్గరికి రానిస్తాడా అన్నదే భయం.

రషీద్ ఫోన్ చూస్తూ, "బైసెక్సువల్ అంటే ఏంటి బావా?" అన్నాడు. అంతే, దొరికిపోయాడు.

"అది మా తాత పెట్టిన మాట రషీదూ! పటిక అద్దిన గుడ్డ ఉడకబెట్టకముందే ఏ రంగు తేలుతుందో చెప్పేవాడాయన, ఆ చూపే నాకొచ్చింది, అది సరే, ఓ దొర బందరు రేవులో దిగి తిన్నగా మా ఇంటికొచ్చి తాత చెక్కిన పువ్వు చూశాడు, ఆడా మగా రెండూ ఒకే పువ్వులోనా అని కళ్లు తేలేశాడు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాత ఈ మాట చెప్పాడు, దొర చీర అంచు మీద రాసుకుని ఓడెక్కేశాడు, లండన్లో ఆ అంచుకి ఇప్పటికీ హారతిస్తున్నారు!"

"మీ తాతకి ఇంగ్లీషొచ్చా బావా?"

"దొరకి నేర్పిందెవరనుకున్నావ్?"

శ్రీనాథ్ ఉండబట్టలేకపోయాడు. "మొదట పువ్వులకే వాడారన్నది నిజమే బాబాయ్, గుడివాడ కాలేజీలో చదివాను. తర్వాత డాక్టర్లు మనుషుల శరీరాలకి వాడారు. ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా ఇష్టం కలగడమన్న అర్థం ఓ నూటముప్ఫై ఏళ్ల కిందట వచ్చింది."

"ఆ డాక్టర్లూ మా తాతకి ఉత్తరం రాసి అడిగాకే వాడార్రా! అసలు అలాంటివాళ్లని నేను ఒక్క చూపులో పట్టేస్తాను. మొన్న గుడివాడ బస్సులో ముగ్గుర్ని పట్టాను. హంసలదీవిలో ఇసుకలో అడుగులు చూసి నలభైమందిని లెక్కగట్టాను, మనుషులు లేరక్కడ, ఉత్త అడుగులే! ఫోన్లో దగ్గు విని దుబాయ్‌లో ఉన్నవాణ్ణి పట్టాను!"

"పట్టి ఏం చేస్తావ్?"

"నా బల్ల దగ్గరికి రానిస్తానా? రెండు వైపులా చూసేవాడు అచ్చు తిన్నగా వేస్తాడా?"

శ్రీనాథ్‌కి ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. వారం రోజుల భయం కన్నా ఆ ఒక్క మాటే ఎక్కువ బాధపెట్టింది.

"నేను అలాంటివాణ్ణే బాబాయ్," అన్నాడు.

టీ తిరగబోస్తున్న రషీద్ చెయ్యి ఆగిపోయింది. "ఇదేంటి బావా, పదకొండేళ్లు ఎదురుగా నిలబడ్డవాణ్ణి పట్టలేదా? ఒక్క చూపన్నావ్!"

భావనారాయణ మొహం కందగడ్డయింది. వీధిలో నలుగురూ ఇటే చూస్తున్నారు. "పట్టలేదని ఎవరన్నారు? మొదటిరోజే పట్టాను, అచ్చు పట్టుకున్న తీరు చూసే!"

"అయితే తెలిసే పని నేర్పారు," అన్నాడు శ్రీనాథ్ నెమ్మదిగా. "తెలిసే మీ అమ్మాయి పెళ్లిచీర నాచేత వేయించారు. అంతేనా?"

కాదంటే ఒక్క చూపులో పట్టేస్తానన్న గొప్ప పోతుంది. భావనారాయణ వీధిలోవాళ్ల వైపు ఓసారి చూశాడు.

"అంతే," అన్నాడు.

శ్రీనాథ్ మిగిలిన టీ తాగేసి లేచాడు. "అయితే రేపు ఎనిమిదింటికి వచ్చేస్తాను బాబాయ్."