సలోమ్‌కి కాస్త చోటు

పెన్సిల్వేనియా కొండపల్లెలో ఊరందరి పన్నుతో ఉచిత బడి తెరిచిన తొలి చలికాలం. పిల్లలు వెళ్ళిపోయాక పంతులమ్మ గది ఊడుస్తూంటే, ఆ బడి వద్దని అందరికన్నా గట్టిగా అడ్డుపడిన ముసలి రైతు టోపీ తీసి లోపలికి వచ్చాడు.

"పన్ను కట్టనని చెప్పడానికొచ్చారా?"

"కాదు పంతులమ్మా. పరాయి పిల్లల చదువుకి నేనెందుకు కట్టాలని అన్న మాట నిజమే. నాకున్న ఒక్క కూతురూ, మా సలోమ్, ఈ బడి రాకముందే ఎర్రజ్వరమొచ్చి పోయింది. దానికి అక్షరమ్ముక్క రాదు."

"విన్నానండీ. కూర్చోండి."

"ఈ బడి పెట్టినకాణ్ణుంచీ రోజూ పొద్దుగూకేవేళ మా పశువులపాకలో చదువుతోంది."

"ఎవరు?"

"దాని గొంతు నాకు తెలీదా?"

"ఏం చదువుతోంది?"

"మా ఇంట్లో మాట్లాడేది జర్మను, నాకా ఇంగ్లీషు అంతంతమాత్రం. విన్నది చెప్తాను. 'గొర్రెపిల్ల వాగు దాటింది. వాగు దానికి దారిచ్చింది.' నిన్న అదే పదే పదే చదివింది."

పంతులమ్మ చీపురు గోడకి ఆనించింది. ఆ వాక్యాలు రేపటి పాఠానికని ఆమె మనసులో కూర్చుకున్నవి. ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు.

"పన్నెంతైనా కడతాను. ఆ చలిలో, పశువుల మధ్య దానికేం ఖర్మ? ఇక్కడ కాస్త చోటివ్వండి."

ఆమె బల్లలకేసి తిరిగింది.

"ముందు బల్ల చివర ఒక చోటు ఖాళీగా ఉందండీ. ఎవర్ని కూర్చోమన్నా కూర్చోరు. ఎందుకర్రా అని ఆ బల్ల పిల్లల్ని అడిగితే, 'ఇప్పటికే ఇరుక్కుని కూర్చున్నాం, ఇంకొకళ్ళు పట్టరు' అంటారు."

"ఏ బల్ల?"

"పొయ్యి పక్కదే. అక్కడ చలెయ్యదు."