ఆరు మూలల గద్దె

హనుమకొండలో ఒక సర్కారు కచేరి ముందు కొత్తగా బండలు పరిచిన గద్దె దగ్గర, పనిలోంచి తీసేసిన మేస్త్రి ఓవర్సీరును ఆపాడు.

“నన్ను దొంగ అని ఎందుకు రాసిండ్రు సార్?”

“గద్దె చుట్టుకొలత ఇరవై నాలుగు గజాలు. పక్కకు ఆరు. ఆరార్ల ముప్పై ఆరు. నీకిచ్చిన బండ నలభై రెండు చదరపు గజాలు. మిగతాది యాడ అమ్ముకున్నవ్?”

“అది నాలుగు మూలల లెక్క సార్. ఇది ఆరు మూలలది, ఒక్కో పక్క నాలుగు గజాలు. చుట్టు అంతే ఉన్నా లోపల ఎక్కువ బండ పడతది.”

“నాకే లెక్క చెప్తున్నవా? ఏం సదివినవ్‌రా?”

“సదువలే. మీరే జర టేపు వట్టి బండలు కొలువుండ్రి.”

“పొద్దున్నే కొలిచిన. బండంతా ఈ గద్దెలనే ఉన్నది.”

“మరి నేను దొంగనెట్లయిన?”

“కాయితం నిన్ననే పైకి పోయింది. దాని మీద నా సంతకం ఉన్నది.”

“నా పేరు గూడ ఉన్నది గద సార్.”