లింబాద్రి పోసిన ఊపిరి

గా దేవుని పటాల పక్కన ఫోటో ఎవలిదంటవా? మీ నాయిన చెప్పలేదా బిడ్డా? లింబాద్రన్న. ఆర్మూరు దిక్కు కమ్మరాయిన. పోయి నాలుగేండ్లాయె. మీ నాయిన ఇయ్యాల తిరుగుతుండంటె ఆయిన పుణ్యమే. నేనప్పుడు ఈ సౌదీలనే జుబైల్ క్యాంపుల అంబులెన్స్ డ్రైవర్ని. ఇప్పుడంటె ఇంటోళ్ల మీద ఏసిన లెవీ పన్నులకు తాళలేక అందరు సామాన్లు సర్దుతున్నరు గని, అప్పుడు సౌదోళ్లకే కొలువులియ్యాలని నితాకత్ లొల్లి. సౌదోళ్లు తక్కువున్నరని మా కంపెనీ ఎర్ర జాబితాల వడ్డది, ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ బంద్. అన్న ఇకామా ఎప్పుడో అయిపోయింది. గేటు దాటితె పోలీసులు పడ్తరని క్యాంపు క్లినిక్‌ల నేల తుడుసుకుంట ఉండె.

ఆడి డాక్టరు కృష్ణమూర్తి సారు, గుంటూరాయిన. ఛాయ్ తాగుకుంట పాత ముచ్చట్లు చెప్తుండె. "పూర్వం ఐరోపాలో నీళ్లలో మునిగినవాళ్లకి కొలిమి తిత్తులతో గాలి కొట్టేవారయ్యా. గట్టిగా కొడితే ఊపిరితిత్తులు పాడవుతాయని తెలిసి మానేశారు." అన్న పకపక నవ్విండు. "జోరుగ ఊదితె బొగ్గులే ఎగిరిపోతయి సార్. గా తెల్లోళ్లకు ఒక్క కమ్మరోడు దొర్కలేదా?" సారు ఇంకోటి చెప్పిండు. డెన్మార్కుల పోలియో వస్తె మిషన్లు సాలక, డాక్టరు సదివే పోరగాండ్లు వంతులు పెట్టుకొని నెలలకు నెలలు చేతుల్తోనే రబ్బరు సంచి పిసికి ఊపిరి పోసిన్రట. ఏ, నాకు నమ్మబుద్ధి కాలే.

ఏడున్న... ఆఁ. ఆ నెలల్నె మీ నాయిన ట్యాంకు కడగ దిగి గ్యాసుకు పడిపోయిండు. నాడి కొట్టుకుంటుంది, ఊపిరి లేదు. ఊపిరి మిషన్ దమ్మామ్ దవాఖాన్లనే, గంట తొవ్వ. సారు రెండు చేతుల మాస్కు అదిమి పట్టిండు. మరి సంచి పిసికేదెవలు? అన్న తుడుపుకర్ర ఆడ పడేసి బండెక్కిండు. "అన్నా, నీ ఇకామా!" అని నేనన్న. "నువ్వు తాళం తిప్పు" అన్నడు.

నేనేమో ఆగమాగం. "జల్ది పిసుకన్నా!" "బండి నువ్వు జల్ది నడుపు. ఊపిరి నాకిడువు." పిసుకుడు, ఇడుసుడు, ఆగుడు. కొలిమి కాడ కూసున్నట్టె కూసున్నడు.

చెక్ పాయింట్ల పోలీసాయిన తలుపు తీసి "ఇకామా" అన్నడు. అన్న తలెత్తలే. "జేబ్ మే హై, నికాలో. హాత్ ఖాలీ నహీ." తీసిండు. తారీఖు చూసిండు. మీ నాయిన ఛాతి లేసుడు చూసిండు. కార్డు మల్ల జేబుల వెట్టి, మా ముంగట సైరన్ బండి పెట్టిచ్చిండు బిడ్డా! దమ్మామ్ దాక రాజుల లెక్క వోయినం!

ఆడి పెద్ద డాక్టరు మిషన్ తగిలిచ్చి, "మీ టెక్నీషియన్ ఎక్కడ సదివిండు?" అని అడిగిండు. మా సారు ఛాతి ఇర్సుకొని "కొలిమి దగ్గర" అన్నడు. అన్న చేతులు ఇంక పిసుకుతనే ఉన్నయి, ఒట్టి గాలిని.

ఇకామా లేనోళ్లకు సర్కారు మాఫీ రాంగనే ఎగ్జిట్ మీద ఇంటికి వోయిండు. ఎన్నడు ఫోన్ చేసినా మీ నాయిన గురించి ఒక్కటే అడుగుతుండె, "రమేష్‌కు మెట్లెక్కితె ఆయాసమొస్తుందా?" అని...

ఆగు, సప్పుడిను. మూడంతస్తులు. మీ నాయిన పాట పాడుకుంట ఎక్కుతుండు. లే, ఛాయ్ పెట్టు.